మా లిఫ్టు అద్దెకివ్వబడదు

మా అపార్టుమెంటు ఎర్రగడ్డలో. (నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి. పిచ్చాసుపత్రి జోకులన్నీ నేను వినేశాను. మా అనంతపురం కొలీగుకైతే ఎర్రగడ్డ అంటే ఇప్పటికీ ఉల్లిపాయే.) 48 ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఏ నెలా చాలని మెయింటెనెన్సు. పోయిన వారం సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టారు. ఎవరో యాడ్ ఏజెన్సీ వాళ్ళు వచ్చారట. ఒక్కో లిఫ్టులో ఒక తెర బిగిస్తారట. లిఫ్టుకి నెలకి మూడు వేలు వాళ్ళిస్తారు, కరెంటు మనది, అగ్రిమెంటు మూడేళ్ళు. ఆదివారం మీటింగులో తేల్చాలి. పది నిమిషాల్లో ఆ మెసేజీ కింద ఇరవై బొటనవేళ్ళు లేచాయి.

నేను లేపలేదు. ఎందుకో గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య ఎవరికీ కనపడదు, అందుకని ఇక్కడ రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం, మనకి వచ్చిన విద్య అదొక్కటే కదా. నెలకి ఆరు వేలు, 48 ఇళ్ళు. ఇంటికి 125 రూపాయలు. రైతుబజారులో ఒక పూట కూరగాయలకి సరిపోతుందేమో. పోనీ ఆ 125 అయినా పూర్తిగా వస్తుందా అంటే అదీ లేదు. మనలో మనం వేసుకుని మనమే ఖర్చు పెట్టుకునే మెయింటెనెన్సు వేరు, బయటివాడు ఇచ్చే అద్దె వేరు. మొదటిదానికి ఉన్న మ్యూచువాలిటీ రక్షణ రెండోదానికి లేదు, అది పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. రోజంతా వెలిగే తెర కరెంటు బిల్లు కూడా తీసేసి మిగిలింది ఎంతో సెక్రటరీ గారే చెప్పాలి.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. ఇంటికి ఐదు వేలు వచ్చినా నా మాట ఇదే.

అమ్ముతున్నది లిఫ్టు గోడ కాదండీ. ఆ గోడ ఖరీదు ఎవడిక్కావాలి? అమ్ముతున్నది అందులో ఎక్కేవాళ్ళ కళ్ళని. "నచ్చకపోతే చూడకండి" అని గ్రూపులో ఒకాయన అప్పుడే సెలవిచ్చారు. టీవీ అయితే కట్టేస్తాం, పేపరు అయితే పేజీ తిప్పేస్తాం. ఆరడుగుల డబ్బాలో, ముఖానికి ఎదురుగా, సౌండుతో సహా పెట్టి చూడొద్దంటే ఎటు తిరగాలి? మా అమ్మ మోకాళ్ళతో ఐదు అంతస్తులు మెట్లెక్కలేదు. ఆవిడకి లిఫ్టు తప్ప దారి లేదు, కాబట్టి రోజుకి నాలుగుసార్లు మోకాలి ఆపరేషన్ యాడ్ చూడక తప్పదు. మా బ్లాకులో ఇంటర్ రెండోసారి రాస్తున్న కుర్రాడున్నాడు. ర్యాంకుల ఫోటోలు వరసగా వేసుకునే కాలేజీల యాడ్లు మనందరికీ తెలుసు. ఆ కుర్రాడు పాల ప్యాకెట్టుకి దిగినప్పుడల్లా ఆ ముఖాలన్నీ వాడిని చూసి నవ్వాలా? అదీ ఇంటికి 125 రూపాయలకి?

"మంచి యాడ్లే వేయిద్దాం లెండి" అన్నారు ట్రెజరర్ గారు. పెద్దమనిషి, నిజంగానే నమ్మి అన్నారు. కానీ నేను అగ్రిమెంటు పీడీఎఫ్ తెరిచి చదివాను (బహుశా నేనొక్కణ్ణే). ఏ యాడ్ రావాలో నిర్ణయించేది ఏజెన్సీ. మనకి అభ్యంతరం ఉంటే మెయిలు పెట్టుకోవచ్చు. అంతే. రేపు ప్రీలాంచ్ ప్లాట్ల యాడ్ వస్తే రెరా రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఎవరు చూస్తారు? రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదని 2016 చట్టంలోనే ఉంది. మన లిఫ్టులో చూసి మన పక్కింటాయన డబ్బు కట్టేస్తే, మనం ఏ ముఖం పెట్టుకుని ఆయనతో అదే లిఫ్టులో దిగుతాం?

ఇది ఊహ అనుకుంటే మన వీధి చివరికి వెళ్ళి చూడండి. మెట్రో 2017 నవంబరు నుంచి మన ఎర్రగడ్డ మీదుగా నడుస్తోంది. స్తంభాల మీదా స్టేషన్లలోనూ యాడ్లే. వేల కోట్లు పెట్టిన ప్రాజెక్టు, టికెట్ల డబ్బుతో గట్టెక్కదు, పోనీ అనుకున్నాం. 2025 మార్చిలో ఏమైంది? రైళ్ళ మీద బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలున్నాయని గొడవై, తీసేయమని మెట్రో అధికారులే ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. అదే నెలలో బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారని ఫిల్మ్‌నగర్ పెద్ద పేర్ల మీద మియాపూర్‌లో కేసు. ఆగస్టులో ఏకంగా పార్లమెంటే చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలు నిషేధించింది. అంత పెద్ద సంస్థే తన రైలు మీద ఏముందో చూసుకోలేకపోతే, మన ట్రెజరర్ గారు బీపీ మాత్రలు వేసుకుంటూ చూసుకుంటారా?

అసలు వీళ్ళు లిఫ్టుల వెంట ఎందుకు పడ్డారో నాకో అనుమానం ఉంది. నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటనలు వద్దని 2020లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. మేడ మీదికి వెళ్ళలేనివాళ్ళు ఇంట్లోకి వస్తున్నారు.

"నువ్వు తినేది యాడ్ల డబ్బు కాదా?" అని మా ఆవిడే అడిగింది. నిజమే, దాచను. మనలో సగం మంది జీతాలు ఎక్కడో ఒకచోట యాడ్ల పైపులోంచి కారేవే. కానీ ఆ పైపు లోపల ఏముందో కూడా మనకే తెలుసు కదా. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్ ఇంకా కాలేజీ ప్రాజెక్టుగా ఉన్నప్పుడు బ్రిన్, పేజ్ రాసిన పేపరు చివర్లో ఒక అనుబంధం ఉంటుంది. ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ వాడేవాళ్ళ కన్నా ప్రకటన ఇచ్చేవాళ్ళ వైపే మొగ్గుతుందని వాళ్ళే రాశారు. కొన్నాళ్ళకే యాడ్లు అమ్మడం మొదలెట్టారు. అంత తెలిసినవాళ్ళకే తప్పలేదు.

యాడ్ అంటేనే పాపం అనే ఛాదస్తం నాకు లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, కచేరీల్లో ఊరికే పంచి మరీ ప్రచారం చేశారు. ఆ డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. మందు ఆయనదే, పత్రికా ఆయనదే, నొప్పి తగ్గకపోతే తిట్టడానికి ఆయన పేరూ చిరునామా ఉన్నాయి. మన లిఫ్టులో తెర మీద కనపడినదానికి ఎవరి పేరు ఉంటుంది?

ఇప్పుడు ఆ తెర పెడతామంటున్న చోట ఏముందో గుర్తుందా? ఒక థర్మాకోల్ బోర్డు. ట్యాంకు కడిగే తేదీ, వినాయక చవితి లడ్డూ వేలం లెక్క, దొరికిన తాళంచెవి సి-బ్లాకు వాచ్‌మన్ దగ్గరుందనే చీటీ, మూడో అంతస్తు పాప గీసిన ఏనుగు. దానికి ఐదు కాళ్ళున్నాయి :) ఆ బోర్డుని సెల్లారులోకి మారుస్తారట. స్కూటర్ల వెనక.

మెయింటెనెన్సు చాలకపోతే 125 పెంచండి, నేను మొదట కడతాను. ఫ్లాటు అద్దెకిచ్చి బయట ఉంటున్న ఓనర్లు ఒప్పుకోరంటారా, వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను. ఆదివారం పదింటికి మీటింగు. ఇరవై వేళ్ళు లేచాయి, 28 ఇళ్ళు ఇంకా ఏమీ అనలేదు. శనివారం సాయంత్రం అగ్రిమెంటు ప్రింటు తీసుకుని ఒక్కో తలుపూ కొడుతున్నా.