నీళ్లు పోసేటప్పుడు ఒక్కసారి చూడండి

చంటిపిల్లాడికి నీళ్లు పోయడమంటే మన ఇళ్లలో చిన్నపాటి వేడుకే. కాళ్లు బారజాపి కూర్చున్న అమ్మమ్మ, ఆ కాళ్ల మీద కేరుమంటున్న మనవడు, పక్కనే పొగలు కక్కే నీళ్లు. నూనె మర్దనా, నలుగు, చివర్లో సాంబ్రాణి ధూపం. ఆ పావుగంటలో బిడ్డ ఒంటిమీద చెయ్యి తగలని చోటుండదు.

మా అక్క కొడుకు విషయంలో తేడా ముందు కనిపెట్టింది కూడా డాక్టరు కాదు, నీళ్లు పోసే మనిషే. ‘‘అమ్మా, బాబుకి ఓ పక్క బీజం చేతికి తగలట్లేదు’’ అంది. మా అమ్మ వెంటనే ‘‘ఊరుకోవే, పెద్దయ్యాక అదే దిగుతుంది’’ అని కసిరింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. బాబుకి మూడేళ్లు నిండాక జ్వరమొచ్చి తీసుకెళ్తే, పరీక్ష చేసిన డాక్టరు ‘‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?’’ అనడిగారు. ఆపరేషన్ అయింది, వాడిప్పుడు బడికెళ్తున్నాడు. కానీ ‘‘ఏడాదిన్నరలోపే తెచ్చుండాల్సింది’’ అన్న మాట అక్కని ఇప్పటికీ కలతపెడుతూనే ఉంది.

పిల్లాడికి పన్ను రాకపోతే నలుగురికీ చెప్పుకుంటాం. ఈ సంగతి మాత్రం ఇంట్లోవాళ్లతో కూడా అనం. అందుకే ఈ వారం దీని గురించే.

పొట్టలో పుట్టి... కిందికి దిగి...

వృషణాలు మొదట తయారయ్యేది ఇప్పుడు మనం చూసే చోట కాదు. తల్లి గర్భంలో ఆరేడు వారాల పిండంగా ఉన్నప్పుడు, పొట్టలోపల, మూత్రపిండాల సమీపంలో రూపుదిద్దుకుంటాయి. నెమ్మదిగా గజ్జల దాకా వచ్చి కొన్నాళ్లు ఆగుతాయి. ఏడో నెల నుంచి గజ్జల్లోని సన్నటి దారి గుండా జారి, కింద తిత్తిలోకి చేరతాయి.

ఇంత ప్రయాణం ఎందుకంటారా? వీర్యకణాలు సరిగా తయారవ్వాలంటే ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉండాలి. చలికి తిత్తి ముడుచుకోవడం, వేడికి వదులవడం ఆ ఏర్పాటులో భాగమే. చాలామందిలో ఎడమది కాస్త కిందికి ఉంటుంది. అదీ సహజమే.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి ఒకటో, రెండూనో కిందికి దిగి ఉండవు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఈ సంఖ్య 30 దాకా ఉండొచ్చు. చాలామందికి మొదటి కొన్ని నెలల్లో దిగిపోతాయి. ఏడాది వచ్చేసరికి ఇలా మిగిలేది నూటికి ఒక్కరే. అయితే ఆరు నెలలు దాటాక దానంతటది దిగడం అరుదు. ‘పెద్దయ్యాక దిగుతుంది’ అన్న మాట ఇక్కడే దెబ్బతీస్తుంది.

దిగకపోతే ఏమవుతుంది?

లోపలి వేడికి వీర్యకణాలను తయారుచేసే కణాలు తగ్గిపోతూ వస్తాయి. పెద్దయ్యాక సంతానం విషయంలో ఇబ్బంది రావొచ్చు. వృషణాల క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. అందుకే ఆరు నెలలకి పిల్లల సర్జన్‌కి చూపించి, ఏడాదిన్నరలోపు సర్జరీ పూర్తిచేయించమంటారు వైద్యులు. గజ్జల్లో చిన్న కోత పెట్టి, వృషణాన్ని కిందికి దించి తిత్తిలో నిలబెడతారు. రెండూ చేతికి తగలకపోతే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, పుట్టిన వెంటనే డాక్టరుకి చెప్పాలి.

గోరువెచ్చటి నీళ్లు పోశాక తిత్తి వదులవుతుంది కాబట్టి, చూడ్డానికి అదే మంచి సమయం. కొందరు పిల్లల్లో వెచ్చగా ఉన్నప్పుడు కిందికి దిగి, చలికి పైకి పోతుంటాయి. ఇది జబ్బు కాదు. కానీ పైనే నిలిచిపోయే అవకాశముంది కనుక ఏటా చూపిస్తుండాలి.

స్కాన్ ఎప్పుడు?

‘ముందు స్కాన్ తీయించుకుని వెళ్దాం’ అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి దిగని వృషణాన్ని కనిపెట్టడానికి అనుభవమున్న సర్జన్ చెయ్యే నమ్మకమైన సాధనం. స్కాన్‌లో కనిపించనంత మాత్రాన లేదని అర్థం కాదు.

వాపు, గడ్డ, నొప్పి ఉన్నప్పుడు మాత్రం అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. ఇందులో రేడియేషన్ ఉండదు, పిల్లలకీ భయం లేదు. ఆరోగ్యంగా ఉన్న వృషణం తెర మీద కోడిగుడ్డు ఆకారంలో, అంతటా ఒకేలాంటి బూడిదరంగులో కనిపిస్తుంది. చంటిపిల్లల్లో పొడవు సెంటీమీటరున్నర ఉంటే, పెద్దవాళ్లలో నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. చుట్టూ పల్చటి నీటిపొర ఉండటం మామూలే. అది మరీ ఎక్కువైతే మనం వరిబీజం అంటాం. కలర్ డాప్లర్ పెడితే లోపల పారే రక్తం ఎరుపు, నీలం రంగుల్లో తెలుస్తుంది.

ఆరు గంటలే గడువు

ఆ రక్తం ఆగిపోయే ప్రమాదం ఒకటుంది. వృషణం తన తాడు మీద తానే మెలితిరగడం. 12 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లలో ఎక్కువ. హఠాత్తుగా, ఒక్కోసారి నిద్రలోనే, ఓ పక్క భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. ఒక రోజు గడిస్తే తీసేయాల్సి రావడమే ఎక్కువ. మెలిపడిందని లక్షణాలే గట్టిగా చెబుతుంటే స్కాన్ కోసం కూడా ఆగకూడదు.

చిక్కేమిటంటే, ఆ వయసు పిల్లలు అమ్మకి చెప్పడానికి సిగ్గుపడి ‘పొత్తికడుపులో నొప్పి’ అంటారు. మనం వాము నమిలించి పడుకోబెడతాం. తెల్లారేసరికి గడువు దాటిపోతుంది. అందుకే ‘అక్కడ నొప్పొస్తే అర్ధరాత్రయినా లేపు, ఎవరూ ఏమీ అనరు’ అని నాన్నో, బాబాయో, మేనమామో ముందే చెప్పి ఉంచాలి.

మా అక్కకి ఈమధ్యే రెండో బాబు పుట్టాడు. మొదటిరోజు కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ మా అమ్మే గట్టిగా అంది, ‘‘రెండూ ఉన్నాయే, చూసుకున్నాను’’ అని. గదిలో ఎవరూ సిగ్గుపడలేదు.