పార్కింగ్ బిల్లు ఆపితే నష్టం ఎవరికి?

వర్లీ, నాయిగావ్, కామాఠిపురా చాళ్లలో ఉన్నన్నాళ్లూ మనవాళ్లకు పార్కింగ్ అనే మాటతో పని పడలేదు. స్కూటరుంటే మెట్ల కింద పెట్టేవాళ్లు. టాక్సీ నడిపేవాళ్లు గల్లీ మొగలో ఆపి, పొద్దున్నే లేచి తుడుచుకునేవాళ్లు. ఎవరి బండి ఎక్కడుంటుందో వాడకట్టుకంతా తెలుసు. ఇప్పుడు చాళ్లు పోయి టవర్లు లేస్తున్నాయి. ముంబయిలోనే కాదు, భివండీలో, షోలాపూర్‌లో, పుణెలో మరమగ్గం మీద, మేస్త్రీ పని మీద కూడబెట్టిన పైసలతో ఫ్లాటు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఖోలీ పోయి ఫ్లాటు వచ్చింది. ఫ్లాటుతో పాటు సొసైటీ వచ్చింది, సొసైటీతో పాటు నెలనెలా బిల్లు వచ్చింది. ఆ బిల్లులో అన్నిటికన్నా ఎక్కువ జగడాలు తెచ్చేది కింది వరసలో ఉండే ఒక చిన్న అంకె. అదే పార్కింగ్ చార్జీ.

నిన్నటిదాకా నెలకు 300 ఉన్నది ఒక్కసారిగా వెయ్యి అవుతుంది. లేదంటే రెండో బండికి వేరే రేటు వేస్తారు. గీత దాటి బండి పెట్టారని జరిమానా రాస్తారు. ఊరి నుంచి వచ్చిన బావమరిది కారు రెండు రాత్రులు కాంపౌండులో ఉంటే దానికీ ఒక చీటీ. ఇంటాయనకు కోపం వస్తుంది, రావడంలో తప్పు లేదు. "ఇదేం దోపిడీ? కట్టను పో, ఏం చేస్తరో చూస్త" అంటాడు. అక్కడి నుంచి బిల్లు కట్టడం ఆపేస్తాడు. చాలామంది చేసే పొరపాటు ఇదే. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ బిల్లు ఆపిన రోజు నుంచి మీటరు తిరిగేది ఆయన మీదే.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలు పాటిస్తూ వచ్చిన 2014 నాటి నమూనా ఉపవిధులు బకాయి మీద ఏడాదికి 21 శాతం దాకా బారువడ్డీ వసూలు చేసుకోనిచ్చాయి. ఎంత శాతమన్నది జనరల్ బాడీ తేల్చాలి. నెలకు వెయ్యి రూపాయల చార్జీని ఒకాయన మూడేళ్లు కట్టలేదనుకుందాం. అసలు 36,000. ఏ నెల బిల్లుకు ఆ నెల నుంచి 21 శాతం చొప్పున లెక్కగడితే వడ్డీ 11,000 రూపాయల చిల్లర. మొత్తం 47,000. తగాదా మొదలైంది వెయ్యి రూపాయల దగ్గర. ఇంకా వకీలు మాటే ఎత్తలేదు.

"పార్కింగ్ పైసలు మాత్రమే ఆపిన, తక్కిన మెయింటెనెన్సు కడుతనే ఉన్న కదా" అనేవాళ్లుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా సొసైటీల ఖాతాల్లో వచ్చిన డబ్బును ముందు వడ్డీకి, తర్వాత పాత బకాయికి, ఆఖరున ఈ నెల బిల్లుకు జమ వేస్తారు. అంటే ఆయన మెయింటెనెన్సు అనుకుని కట్టినది పార్కింగ్ బకాయి కింద పోతుంది. మెయింటెనెన్సు బాకీ పడినట్టు కాగితం మీద కనిపిస్తుంది. బిల్లో, నోటీసో అందిన మూడు నెలల్లో కట్టకపోతే చట్టం దృష్టిలో ఆ సభ్యుడు డిఫాల్టరు. డిఫాల్టరు మేనేజింగ్ కమిటీలో ఉండటానికి వీల్లేదు. కమిటీని నిలదీద్దామని బయల్దేరిన మనిషి కమిటీలోకి అడుగుపెట్టే దారిని తన చేతులతోనే మూసుకుంటాడు. కమిటీకి కావలసిందీ అదే.

ఆ తర్వాత వచ్చేది రికవరీ సర్టిఫికెట్. ఏళ్ల తరబడి సహకార చట్టం 101వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత హౌసింగ్ సొసైటీలకు ప్రత్యేకంగా పెట్టిన 154బి-29 కింద సొసైటీ రిజిస్ట్రారుకు అర్జీ పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ వచ్చిందంటే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. 101 కింద ఇచ్చిన సర్టిఫికెట్ మీద రివిజనుకు పోవాలంటే బకాయిలో సగం ముందు సొసైటీ దగ్గర డిపాజిట్ చేయాలని అదే చట్టం అంటోంది. కట్టనని మొండికేసిన డబ్బులో సగం, కట్టనవసరం లేదని వాదించడానికే కట్టాలన్నమాట.

ఇదంతా చదివి సొసైటీ ఏం చేసినా నోరు మూసుకుని ఉండాలా అని ఎవరైనా అడగవచ్చు. అక్కర్లేదు. సొసైటీలు తప్పులు చేస్తాయి, తరచుగానే చేస్తాయి. పార్కింగ్ చార్జీ ఎంతన్నది జనరల్ బాడీ తీర్మానించాలి. ఛైర్మనూ సెక్రెటరీ చాయ్ తాగుతూ అనుకుంటే సరిపోదు. జరిమానా కూడా అంతే. ఆ ఉపవిధుల ప్రకారం ఏ తప్పుకు ఎంతన్నది జనరల్ బాడీయే నిర్ణయించాలి. ఆర్థిక సంవత్సరానికి 5,000 దాటకూడదు. నోటీసిచ్చి, సభ్యుడి మాట విన్న తర్వాతే వేయాలి. వాచ్‌మన్ చేత చీటీ రాయించి వైపరు కింద పెట్టిస్తే అది జరిమానా కాదు. జాగా చాలకపోతే ఏడాదికోసారి చీట్లు తీసి కేటాయించాలని కూడా ఉంది. ఛైర్మన్ గారికి లిఫ్టు పక్కన రెండు జాగాలు, నాలుగో అంతస్తు వాళ్లకు ఒక్కటీ లేదు అంటే అది నిలదీయవలసిన విషయమే.

బిల్డరు అమ్మిన జాగా సంగతి వేరు. స్టిల్టు కింద జాగా కొన్నామని రసీదులు చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముంబయిలోని పాంచాలి సొసైటీ కేసులో 2010లో సుప్రీంకోర్టు స్టిల్టు పార్కింగ్ గ్యారేజీ కిందికి రాదని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. 2016 రెరా చట్టం ఓపెన్ పార్కింగును ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. కాబట్టి పాత బిల్డింగులో ఆ రసీదును నమ్ముకుని "ఇది నేను కొన్న జాగా, చార్జీ ఎందుకు కట్టాలె" అని కోర్టుకెక్కేవాళ్లు ముందు తమ కాగితం బలం ఎంతో చూసుకోవాలి. మరో మాట. జాగా కేటాయించుకున్న సభ్యుడు బండి పెట్టినా పెట్టకపోయినా చార్జీ కట్టాలన్నది ఉపవిధుల్లోనే ఉంది. "బండి అమ్మి ఏడాదైంది" అనే వాదన నిలవదు. జాగా వదులుకుంటున్నానని రాసి ఇచ్చి ఉండాలి.

పోరాటం న్యాయమైనదైనా ఎక్కడికి పోవాలన్నది ఇంకో చిక్కు. మనవాళ్లు ఎక్కువగా డిప్యూటీ రిజిస్ట్రారు ఆఫీసుకు పరుగెత్తుతారు. అక్కడ నాలుగు నెలలు తిరిగాక ఇది మా పరిధి కాదని చెబుతారు. పార్కింగ్ తగాదాలు, ఎక్కువ వసూలు చేశారన్న తగాదాలు సహకార కోర్టులో తేల్చుకోవలసినవని 2014 ఉపవిధుల్లోనే రాసి ఉంది. ఆ పుస్తకం తెరిచేవాళ్లే తక్కువ. మూడో తరం పిల్లలకు మరాఠీ గుక్క తిప్పుకోకుండా వస్తుంది, ఇంగ్లిషూ వస్తుంది. అయినా ఫ్లాటు కొనేటప్పుడు ఇచ్చిన ఉపవిధుల కాపీ బీరువాలో పెళ్లి పట్టుచీరల కింద పడి ఉంటుంది.

ఇక కోర్టు ఖర్చు. వకీలు ఫీజు, తారీఖు తారీఖుకు రానుపోను ఖర్చు, ఆ రోజు పోయిన పని. నెల జీతగాడికి ఒక సెలవు పోతుంది. టాక్సీ నడిపేవాడికి, మగ్గం మీద మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ రోజు ఇంట్లోకి పైసా రాదు. గెలిచినా వకీలుకు ఇచ్చిందంతా ఎదుటివాళ్ల నుంచి తిరిగి వస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. పైగా సొసైటీ తరఫు వకీలుకు ఇచ్చేది ఎవరి డబ్బు? సభ్యుల మెయింటెనెన్సు నుంచే. నలభై ఫ్లాట్ల బిల్డింగులో కేసు వేసినాయన తన వకీలుకు పూర్తిగా, ఎదుటి వకీలుకు నలభయ్యో వంతు ఇస్తున్నాడు. కమిటీ సభ్యుల జేబులో నుంచి విడిగా పోయేది ఏమీ లేదు. అందుకే వాళ్లకు వాయిదాల మీద వాయిదాలు భారం అనిపించవు. నెలకు 700 తేడా కోసం మొదలైన వ్యవహారం గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చినట్టవుతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఫ్లాటు అమ్మే రోజున తగులుతుంది. బిడ్డ పెళ్లికో, కరీంనగర్‌లోనో పాలమూరులోనో ఇల్లు కట్టుకుని వెళ్లిపోదామనో అమ్మకం పెడతారు. కొనేవాడి బ్యాంకు సొసైటీ నుంచి బాకీ లేదన్న కాగితం అడుగుతుంది. బదిలీకి ముందు సొసైటీ బాకీలు తీర్చాలని ఉపవిధులు కూడా చెబుతున్నాయి. బయానా తీసుకుని ఉంటారు, గడువు దగ్గర పడుతుంది. అప్పుడు బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? మూడేళ్లు కట్టనన్న మొత్తాన్ని వడ్డీతో సహా ఒక్క చెక్కులో రాసిస్తారు. అప్పటిదాకా వకీలుకు ఇచ్చింది నీళ్లలో పోసినట్టే.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు, కాకపోతే కోపాన్ని కాస్త పక్కన పెట్టాలి. బిల్లు కట్టాలి, కడుతూనే ఒప్పుకోవడం లేదని రాయాలి. "ఈ పార్కింగ్ చార్జీ మీద నాకు అభ్యంతరం ఉంది, నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను" అని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి, కాపీ మీద సొసైటీ ముద్ర, తారీఖు వేయించుకోవాలి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టు ఉంది. "కడితే ఒప్పుకున్నట్టే కదా" అని పెద్దవాళ్లు అంటారు. అభ్యంతరం చెప్పకుండా కడితేనే ఆ భయం. రాసి కట్టినవాడికి వడ్డీ పెరగదు, డిఫాల్టరు అనే మచ్చ పడదు, రేపు గెలిస్తే వాపసు అడిగే దారి తెరిచే ఉంటుంది. ఆ ఉత్తరంలోనే చార్జీ పెంచిన తీర్మానం కాపీ కావాలని అడగాలి. తీర్మానమే లేదని తేలితే సగం పని అక్కడే అయిపోతుంది.

కోర్టు కన్నా చౌకైన చోటు మరొకటుంది, జనరల్ బాడీ. సభ్యుల్లో అయిదో వంతు మంది సంతకాలు పెట్టి అడిగితే నెలలోగా ప్రత్యేక సమావేశం పిలవాలని చట్టంలో ఉంది. నలభై ఫ్లాట్లలో ఎనిమిది సంతకాలు చాలు. రేటు పెంచింది జనరల్ బాడీ అయితే తగ్గించగలిగేదీ అదే. కానీ ఆ ఆదివారం పూట మనవాళ్లు ఏ సంఘం పెళ్లికో, ఏ బోనాలకో పోయి ఉంటారు. రిజిస్టరులో సంతకం మాత్రం తర్వాత ఎప్పుడో పెడతారు, ఏం తీర్మానించారో చదవకుండానే. ఆ సంతకమే రేపు కోర్టులో వాళ్ల మీదికి వస్తుంది. ఎనిమిది మంది కలిసినా పని కాకపోతే అప్పుడు కోర్టు. ఒకే వకీలు, ఖర్చు ఎనిమిది వాటాలు.

కమిటీల్లో కూర్చున్న వాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. వాళ్లకూ ఒక మాట. డిఫాల్టరు అనే బోర్డు మీద పేరు రాసి లిఫ్టు దగ్గర వేలాడదీయడం సులువే. చార్జీ ఎందుకు పెంచారో, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఒక కాగితం మీద రాసి అదే లిఫ్టు దగ్గర అంటిస్తే సగం తగాదాలు పుట్టవు. అడిగినవాడికి తీర్మానం కాపీ ఇవ్వకుండా తిప్పి, వడ్డీ మాత్రం నెల తప్పకుండా వేసే కమిటీ సొసైటీని నడుపుతున్నట్టు కాదు.

బెంగళూరు, హోసూరు, చెన్నై వైపు ఉన్న పాఠకులు ఈ అంకెలను తమకు అన్వయించుకోకూడదు. కర్ణాటకలో 1972 నాటి అపార్టుమెంటు చట్టం కింద నడిచే సంఘాలు వేరు, తమిళనాడు చట్టం వేరు. వడ్డీ ఎంత, జరిమానా ఎంత, తగాదా ఎక్కడ తేల్చుకోవాలన్నది తమ సంఘం ఉపవిధుల్లోనే చూసుకోవాలి. మహారాష్ట్రలో ఉన్నవాళ్లు కూడా తమ సొసైటీ ఏ ఏడాది ఉపవిధులను ఆమోదించిందో సెక్రెటరీని అడిగి, కాపీకి అయ్యే రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు వచ్చే నెల పార్కింగ్ బిల్లుకన్నా తక్కువే అవుతుంది.