62 రూపాయల లెక్క

1931-32 సంవత్సరమున బ్రిటిషిండియా ప్రజల ఆదాయమునంతయు కూడి తలకు పంచినచో వచ్చినది సాలుకు 62 రూపాయలు. పల్లెలలో 51, పట్టణములలో 166. నెలకు అయిదు రూపాయల పైచిల్లరతో మనుష్యుడు తినవలెను, కట్టవలెను, శిస్తు చెల్లింపవలెను, అప్పునకు వడ్డీ కట్టవలెను! ఈ లెక్క కట్టినవారు దొరతనమువారి ఉద్యోగులు కారు. 1908లో కాంచీపురమున జన్మించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పరిశోధన సల్పిన విజయేంద్ర కస్తూరి రంగ వరదరాజ రావుగారు. అర్థశాస్త్రజ్ఞులకు వారు వి.కె.ఆర్.వి. రావుగారుగనే పరిచితులు.

అంతకు పూర్వము లెక్కలు లేకపోలేదు. దాదాభాయి నౌరోజీగారు 1867-68 సంవత్సరమునకు తలకు 20 రూపాయలని లెక్క తీసి, చెరసాలలోని ఖైదీ తిండిబట్టలకగు వ్యయముకంటె స్వేచ్ఛగా తిరుగు ప్రజల సగటు రాబడియే తక్కువయని చూపిరి. 1901లో కర్జను ప్రభువు 30 రూపాయలని బదులు చెప్పెను. ఒకరు వాది, మరియొకరు ప్రతివాది. వాది పక్షమే న్యాయమైనదనుటలో మాకు సందేహము లేదు. అయినను న్యాయస్థానముల గడపలు త్రొక్కి బ్రతుకువారమగుటచే మాకొక సంగతి తెలియును: ఎంత న్యాయమైన వ్యాజ్యమైనను దస్తావేజు లేనిదే నిలువదు. మన దారిద్ర్యమునకు అట్టి దస్తావేజును సిద్ధము చేసినవారు రావుగారు.

వారి పద్ధతి ఎట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. పంటలు, పశువులు, గనులు, కర్మాగారములు - వీనియం దుత్పత్తి కంటికి కనబడును, కొలతకు లొంగును. కావున ఆ వస్తువుల విలువనే కట్టిరి. వర్తకుడు, వకీలు, ఉపాధ్యాయుడు, చాకలి, ఇంటి పనివాడు - వీరి ఉత్పత్తి కొలతకు లొంగదు. అచ్చట 1931 జనాభా లెక్కలనుండి మనుష్యుల సంఖ్య గ్రహించి, వారి వారి రాబడి నంచనా వేసి గుణించిరి. ఒకే లెక్కలో రెండు మార్గములను జోడించుట ఆ దినములలో సాహసమే. ఇంతకంటె మాకు గౌరవము కలిగించిన విషయ మింకొకటి కలదు. తమ అంకెలయం దెంత తప్పుండవచ్చునో వారు తామే అచ్చువేసి చూపిరి. దేశాభిమానియైన యువకుడు, పరాయి ప్రభుత్వమునకు వ్యతిరేకముగ నుపయోగపడు అంకె చేతనుండగా, దాని బలహీనతను తానే చెప్పుకొనుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఆ పరిశోధనకు 1937లో కేంబ్రిడ్జివారు డాక్టరు పట్టము నొసంగిరి. 1940లో నది గ్రంథరూపమున వెలువడెను.

1942లో రావుగారు ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. యుద్ధకాలమున ఆహారశాఖలో గణాంకముల పని చూచిరి. 1946-47లో వాషింగ్టనునందు భారత ప్రభుత్వమునకు ఆహార, ఆర్థిక విషయముల సలహాదారుగ నుండిరి. 1943లో వంగదేశము నాకలి మ్రింగివేసిన పిమ్మట ధాన్యము లెక్క తప్పినచో ఏమగునో ఎవ్వరికిని వేరుగ చెప్పనక్కరలేకపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949లో ప్రభుత్వము జాతీయాదాయ సంఘమును నియమించెను. మహాలనోబిసుగారు అధ్యక్షులు, గాడ్గిలుగారు, రావుగారు సభ్యులు. 1951లో వెలువడిన మొదటి నివేదిక 1948-49కి తలసరి ఆదాయము 255 రూపాయలని తేల్చెను. 62 ఎక్కడ, 255 ఎక్కడ, దేశము నాలుగింతలు బాగుపడినదా యని పాఠకులు సంతోషింపబోకుడు. నడుమ యుద్ధము వచ్చి ధరలను ఆకాశమున కెత్తినది. పెరిగినది రూపాయల సంఖ్యయేగాని గాదెలోని గింజలు కావు.

ఈ భేదమునే రావుగారు 1952లో ఒక వ్యాసమున సిద్ధాంతముగ నిరూపించిరి. ప్రభుత్వము సొమ్ము వెచ్చించినచో ఒక రూపాయి పలువురి చేతులు మారి, పనిలేనివారికి పని కల్పించి, పలురెట్లు ఆదాయమగునని కీన్సు పండితుడు బోధించెను. మూతబడిన మిల్లులును, కూలి దొరకని పనివారును ఉన్న ఇంగ్లండునకు ఆ మాట తగును. మన దేశమున మిల్లులు మూతబడియుండుట కాదు, అసలు కట్టబడియే యుండలేదు. రైతు పండించినదానిలో అధికభాగము తానే తినును. పొలమున నలుగురు చేయదగిన పనిని ఆరుగురు చేయుచుందురు. వారిని నిరుద్యోగులని ఏ పట్టికయు చూపదు. ఇట్టిచోట నోట్లు ముద్రించి వెదజల్లినచో పెరుగునవి ధరలేగాని ధాన్యము కాదని వారు వాదించిరి. కేంబ్రిడ్జిలో విద్య నేర్చివచ్చి, కేంబ్రిడ్జి సూత్రము మన పొలమునకు ఎంతవరకు పనికివచ్చునో తూచి చెప్పుటయే స్వతంత్రబుద్ధి యని మా అభిప్రాయము.

1949లోనే ఐక్యరాజ్యసమితి ఆర్థికాభివృద్ధి ఉపసంఘమునకు అధ్యక్షులుగ నుండి, పేదదేశములకు సులభమైన షరతులపై ధనసహాయము చేయు సంస్థ యొకటి కావలెనని వారు ప్రతిపాదించిరి. ధనికదేశములకది రుచింపలేదు. పదునొకండేండ్లకు, 1960లో, ప్రపంచబ్యాంకు నీడను అంతర్జాతీయాభివృద్ధి సంస్థ యేర్పడినది. అడిగినది సమితి చేతిలో. ఇచ్చినది ధనికుల వోట్లు చెల్లు బ్యాంకు చేతిలో.

వీనికన్నిటికిని మించినది వారు కట్టిన విద్యాసంస్థల సంగతి. 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు, 1958లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోతు, 1972లో బెంగుళూరున సామాజిక ఆర్థిక పరిణామముల పరిశోధన సంస్థ - మూడింటికిని మూలపురుషులు వారే. మొదటిదానిలో కె.ఎన్. రాజుగారు, అమర్త్య సేనుగారు, జగదీశ భగవతిగారు, మన్మోహన సింగుగారు పాఠములు చెప్పిరి. మన పండితులలో పెక్కురకు తమకంటె గొప్పవాడు ప్రక్కగదిలో కూర్చుండుట సరిపడదు. ఒక మఱ్ఱి క్రింద ఇంకొక మొక్క మొలవరాదన్న తీరు! రావుగారు అట్లుగాక, ఇతరులు పెరుగుటకు చోటు కట్టిరి.

అధికారపదవుల మాట కొద్దిగ చాలును. 1957 నుండి 1960 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. 1963 నుండి 1966 వరకు ప్రణాళికాసంఘ సభ్యులు. 1967లో బళ్ళారినుండి లోకసభకు ఎన్నికైరి. (1953 దాక మద్రాసు రాష్ట్రమున మనతో కలిసియుండిన ఆ బళ్ళారియే.) రవాణామంత్రిగ, పిదప 1969 నుండి 1971 వరకు విద్యామంత్రిగ నుండిరి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో విద్యార్థుల జాతీయసేవా పథకమును ప్రారంభించిరి. చదువుకొన్న పిల్లలు ఊరిచెరువు పూడిక తీయుట ఎరుగని దేశమున అది మంచిపనియే. అయినను మంత్రులు పెక్కుమంది వచ్చిరి, పోయిరి. తలసరి ఆదాయము లెక్కింప తెలిసిన మంత్రులు మాత్రము అరుదు. ఆ కాలమును వారు తమ బల్లకడనే గడపియున్న దేశమున కింకను లాభమయ్యెడిదని మేమందుము. కాదనువారుందురు. వారితో మాకు కలహము లేదు. 1974లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదు నొసంగెను. 1991లో రావుగారు పరమపదించిరి.

పోయినవారి ఘనతను చెప్పి ఊరకుండుటకు మేమీ వ్రాత పూనలేదు. పరాయి ప్రభుత్వము లెక్క చెప్పనప్పుడు ఒక యువకుడు తానై లెక్క కట్టెను. మన ప్రభుత్వమే మన లెక్కను దాచినప్పుడు ఏమి చేయవలెను? 2017-18లో జరిగిన ఉపాధి పరిశీలన నివేదికను జాతీయ గణాంకసంఘము ఆమోదించినను ప్రభుత్వము వెంటనే వెలువరింపలేదు. 2019 జనవరిలో ఆ సంఘముయొక్క తాత్కాలికాధ్యక్షులు పి.సి. మోహనన్‌గారును, సభ్యురాలు జె.వి. మీనాక్షిగారును రాజీనామా యిచ్చిరి. ఎన్నికలు ముగిసిన పిదప మే నెలలో నివేదిక వెలుపలికి వచ్చెను. నిరుద్యోగము నూటికి 6.1 అని అందుండెను. ఆ యేట నవంబరులో, కుటుంబముల ఖర్చును గూర్చిన 2017-18 పరిశీలనను అంకెలు మంచివి కావను కారణముతో ప్రభుత్వము పక్కకు నెట్టినది. కావచ్చును. మంచివి కానిచో ఎందుకు కావో చూపి, అంకెలను కూడ అచ్చువేయుటకు అడ్డమేమి? రావుగారు 1940లో చేసినది అదియే గదా. 2021లో జరుగవలసిన జనాభా లెక్కయు ఆ యేట జరుగలేదు.

రాజీనామా యిచ్చిన యిరువురిలో మీనాక్షిగారు అప్పటికి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సున ఆచార్యులుగ నుండిరి. రావుగారు 1949లో కట్టిన యిల్లే అది.