నిర్వాణా రాకముందే పడిపోయారు

రాక్ సంగీత చరిత్ర చెప్పేవాళ్లు ఒక కథను దాదాపు ఒకే మాటల్లో చెబుతుంటారు. 1980లలో లాస్ ఏంజెలిస్‌లో జుట్టుకు డబ్బాల కొద్దీ స్ప్రే కొట్టి, కళ్లకు కాటుక పెట్టి, బిగుతు దుస్తుల్లో గెంతుతూ పాడే గ్లామ్ మెటల్ బృందాలు ఓ వెలుగు వెలిగాయి. 1991 సెప్టెంబరులో సియాటిల్ వైపు నుంచి నిర్వాణా అనే బృందం 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌తో వచ్చింది. ఆ నలిగిన చొక్కాల ముందు ఈ మెరుపు బట్టలు వెలవెలబోయాయి, ఏడాది తిరిగేసరికి అంతా తుడిచిపెట్టుకుపోయింది. వినడానికి బాగానే ఉంటుంది కానీ తేదీలే కలిసిరావు. ఈ తరహా సంగీతానికి అమెరికాలో తలుపు తీసిన బృందం క్వయట్ రయట్. అది శిఖరం ఎక్కింది 1983 నవంబరులో. జారడం మొదలైంది 1984 వేసవిలో. ప్రధాన గాయకుణ్ణి తోటివాళ్లే సాగనంపింది 1987లో. బృందమే విడిపోయింది 1989లో. ఆ ఏడాదికి నిర్వాణా తొలి ఆల్బమ్ ఓ చిన్న కంపెనీ నుంచి అప్పుడే బయటికొచ్చింది, దాని పేరు విన్నవాళ్లే తక్కువ. అందరికంటే ముందు ఎక్కినవాళ్లు అందరికంటే ముందు పడ్డారంటే కారణం బయటి నుంచి వచ్చినవాడిలో కాదు, ఎక్కిన తీరులోనే వెతకాలి. క్వయట్ రయట్‌ను పైకి తెచ్చిన పాట ఆ బృందం రాసింది కాదు, అంతకంటే ముఖ్యంగా ఆ బృందం ఎంచుకున్నదీ కాదు. ఆ పతనం వెనక అసలు సంగతి అదేనని నా అభిప్రాయం.

ఇది రాత్రికి రాత్రి పుట్టిన బృందం కాదు. 1970ల నడుమ గిటారిస్టు రాండీ రోడ్స్ చుట్టూ మొదలై, కెవిన్ డుబ్రో గాయకుడిగా లాస్ ఏంజెలిస్ క్లబ్బుల్లో ఏళ్ల తరబడి వాయించింది. అమెరికాలో ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. మొదటి రెండు ఆల్బమ్‌లూ జపాన్‌లో మాత్రమే విడుదలయ్యాయి. అదే ఊళ్లో అవే వేదికల మీద వాయించిన వాన్ హేలెన్‌ను వార్నర్ కంపెనీ తీసుకుంది, వాళ్ల తొలి ఆల్బమ్ 1978లో వచ్చింది. క్వయట్ రయట్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. 1979లో రోడ్స్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ దగ్గరికి వెళ్లి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 1982 మార్చి 19న ఫ్లోరిడాలో చిన్న విమానం కూలి పాతికేళ్ల వయసులో చనిపోయాడు. ఈలోగా డుబ్రో తన ఇంటిపేరునే బృందానికి పెట్టుకుని కొత్త మనుషులతో నెట్టుకొస్తున్నాడు. డ్రమ్మర్ ఫ్రాంకీ బనాలీ, గిటారిస్టు కార్లోస్ కవాజో చేరారు. ఓజీ దగ్గర పనిచేస్తున్న బాస్ వాద్యకారుడు రూడీ సార్జో తిరిగొచ్చాడు. పాత పేరు మళ్లీ పెట్టుకున్నారు. స్పెన్సర్ ప్రోఫర్ అనే నిర్మాత తన పాషా సంస్థ ద్వారా, సీబీఎస్ పంపిణీతో, వాళ్లకు అవకాశం ఇచ్చాడు. 1983 మార్చిలో 'మెటల్ హెల్త్' వచ్చింది.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఇంగ్లండ్‌లో స్లేడ్ అనే బృందం 1973లో 'కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్' అనే పాటతో అక్కడి పట్టికలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అమెరికాలో మాత్రం ఆ పాటను ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని తిరిగి పాడించాలన్న ఆలోచన ప్రోఫర్‌ది. డుబ్రోకు అది బొత్తిగా ఇష్టం లేదు. సాధన చేయకుండా స్టూడియోకు వెళ్లి, కావాలని పాడుచేస్తే నిర్మాతే వదిలేస్తాడని అనుకున్నామని, తీరా వాయిస్తే అది బాగా కుదిరిపోయిందని బృందంవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. 1983 మే నెలాఖరులో కాలిఫోర్నియాలో యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ డబ్బు పెట్టి జరిపిన అస్ ఫెస్టివల్‌లో, హెవీ మెటల్ రోజున, లక్షల జనం ముందు తొలి ప్రదర్శన వీళ్లదే. అప్పటికి సుమారు రెండేళ్ల వయసున్న ఎంటీవీ ఆ పాట వీడియోను తెగ తిప్పింది. సింగిల్ అమెరికాలో అయిదో స్థానానికి వెళ్లింది. నవంబరు 26 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో ఆల్బమ్ పోలీస్ బృందం 'సింక్రోనిసిటీ'ని దించి ఒకటో స్థానంలో కూర్చుంది. హెవీ మెటల్ ముద్రతో ఆ స్థానం అందుకున్న తొలి ఆల్బమ్ అదేనని చెబుతారు. అక్కడ ఉన్నది ఒక్క వారమే అయినా అమెరికాలో మొత్తం మీద 60 లక్షల ప్రతులకు గుర్తింపు వచ్చింది. ప్రోఫర్ చెవి గట్టిదే, ఆ విషయం ఒప్పుకోక తప్పదు. ఆ పాట లేకపోతే ఈ బృందం గురించి ఇవాళ ఎవరూ రాయరు.

అయితే ఆ గెలుపు లెక్క వేరేగా ఉంది. పాట రాసినవాళ్లకు దక్కే రాయల్టీ ఇంగ్లండ్‌లోని నాడీ హోల్డర్, జిమ్ లీలకు పోయింది. పాడినవాళ్లకు మిగిలింది రికార్డు మీద వచ్చే వాటా. ఈ ఊపుతో స్లేడ్‌కే అమెరికాలో తలుపు తెరుచుకుని 1984లో 'రన్ రనవే' టాప్ 20కి చేరింది. డబ్బు సంగతి అలా ఉంచితే, జనం గుర్తుపెట్టుకున్నది ఈ బృందాన్ని కాదు, ఈ పాటను. ఆల్బమ్‌లో సొంత సరుకు లేదని కాదు. టైటిల్ పాట వాళ్లదే, అది కూడా టాప్ 40లోకి వచ్చింది. రోడ్స్ స్మృతిగా మలిచిన 'థండర్‌బర్డ్' ఇప్పటికీ వినదగ్గదే. కానీ కంపెనీ చూసింది సింగిల్‌నే. శిఖరం ఎక్కి ఎనిమిది నెలలు తిరక్కముందే, పర్యటనల అలసట తీరకముందే, 1984 జులైలో 'కండిషన్ క్రిటికల్' దించారు. అదే నిర్మాత. అట్ట మీద 'మెటల్ హెల్త్' అట్ట మీది ముసుగు మనిషే. దానికి తోడు మళ్లీ స్లేడ్ పాటే, 'మామా వియరాల్ క్రేజీ నౌ'. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే. ఆల్బమ్ పదిహేనో స్థానం దాటలేదు, పాట టాప్ 40 గడప తొక్కలేదు. పది లక్షలకు పైగా అమ్మడం మామూలు బృందానికి పండగే. అరవై లక్షల పక్కన పెట్టి చూసినవాళ్లకు అది పరాజయంలా కనిపించింది. మొదటిసారి పాట ఎవరిదో తెలియని శ్రోత మెచ్చుకున్నాడు. రెండోసారికి, వీళ్లకు సొంతంగా చెప్పడానికి ఏమీ లేదా అని అదే శ్రోత అనుకుంటే తప్పు పట్టగలమా?

ఒకరి పాట మరొకరు పాడటం రాక్‌లో నేరం కాదు కదా, వాన్ హేలెన్ తొలి సింగిల్ కూడా కింక్స్ పాటే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నా వాదనకు బలం కూడా అక్కడి నుంచే వస్తుంది. వాన్ హేలెన్ 1982లో 'డైవర్ డౌన్' చేసినప్పుడు అందులో పన్నెండు పాటలకు అయిదు ఇతరులవి. ఆల్బమ్ బాగానే అమ్ముడైంది. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌కు మాత్రం అది మింగుడుపడలేదు. పక్కవాడి పాటతో గెలవడం కంటే సొంత పాటతో ఓడిపోవడమే మేలనే ధోరణి అతనిది. ఆ చిరాకుతోనే ఇంటి ఆవరణలో 5150 పేరుతో స్టూడియో కట్టుకున్నాడు. తర్వాతి ఆల్బమ్ '1984' అక్కడే తయారైంది. అంతకుముందు నిర్మాతా గాయకుడూ పెద్దగా పట్టించుకోని కీబోర్డు బాణీ 'జంప్'గా మారి అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్లింది. ఒకే ఊరు, ఒకే వేదికలు, అరువు పాటతోనే తొలి గుర్తింపు. 'జంప్' వచ్చిన ఏడాదే 'కండిషన్ క్రిటికల్' కూడా వచ్చింది. ఒకరు తమ పాట తామే ఎంచుకునే హక్కు కోసం ఇటుకలూ సిమెంటూ కొన్నారు. రెండోవారి చేతిలో ఆ హక్కు లేదు. ఉన్నా దాన్ని వాడుకునే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. వాన్ హేలెన్‌కు అప్పటికే అయిదు విజయవంతమైన ఆల్బమ్‌ల దన్ను ఉంది, స్టూడియో కట్టగల స్తోమత ఉంది, కాబట్టి ఈ పోలిక పూర్తిగా సమానం కాదన్నది నిజమే. ఎనిమిదేళ్లు గుమ్మం బయట నిలబడ్డవాడు లోపలికి పిలిచినవాడితో బేరం ఎలా ఆడతాడు?

గట్టిగా వినిపించే మరో అభ్యంతరం డుబ్రో నోరు. బృందాన్ని ముంచింది ఆయన మాటలేనని అప్పటి పత్రికలూ తోటి సంగీతకారులూ చెబుతారు. లాస్ ఏంజెలిస్ బృందాలన్నీ మా పుణ్యాన బతుకుతున్నాయని ఆయన దొరికిన ప్రతి మైకులోనూ అన్నాడు, తోటివాళ్లను పేరు పెట్టి మరీ తీసిపారేశాడు. 1985 మొదట్లో సార్జో వెళ్లిపోవడానికీ, 1987లో మిగతావాళ్లు ఆయన్ని తప్పించడానికీ ఈ ధోరణి కారణం కాదని ఎవరూ అనలేరు. కానీ ఆ వృత్తిలో అహంకారం అంత అరుదైన సరుకా? వాన్ హేలెన్ గాయకుడు డేవిడ్ లీ రాత్ వినయానికి పేరుపడ్డవాడేమీ కాదు. రికార్డులు అమ్ముడవుతున్నంత కాలం పొగరును వ్యక్తిత్వం అన్నారు, అమ్మకాలు తగ్గాక అదే పొగరు పతనానికి కారణమైంది. పైగా, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది కానీ, డుబ్రో అన్నదాంట్లో నిజం ఉంది. 'మెటల్ హెల్త్' తర్వాతే కంపెనీలు చెక్కు పుస్తకాలు పట్టుకుని సన్‌సెట్ స్ట్రిప్ క్లబ్బుల వెంట పడ్డాయి. 1984లో రాట్, 1986లో పాయిజన్. ఒక్కొక్కరూ ముందువాడికంటే అందంగా, టీవీకి ఇంకా అనువుగా ఉన్నారు. క్వయట్ రయట్‌కు పోటీ నిర్వాణా నుంచి రాలేదు. తాము తెరిచిన తలుపులోంచే వచ్చింది. 1986లో మూడో ప్రయత్నంగా కీబోర్డులు జోడించి మెత్తబడ్డ 'క్యూఆర్ 3' తెచ్చేసరికి, తాము మొదలుపెట్టిన పరుగులో తామే వెనకబడి ఉన్నారు. 1988లో పాల్ షార్టినో గాయకుడిగా వచ్చిన ఆల్బమ్ మొదటి వందలోకి కూడా రాలేదు. దాని మీద బృందం పేరుంది, లోపల తొలినాటి సభ్యుడు ఒక్కడూ లేడు.

ఒక బృందం కథను పట్టుకుని మొత్తం ధోరణి మీద తీర్పు చెప్పవచ్చా అంటే, పక్క ఇళ్లలోనూ అదే తంతు. ట్విస్టెడ్ సిస్టర్ 1984లో సొంత పాటలతో వెలిగింది. 1985లో ఆ బృంద గాయకుడు డీ స్నైడర్ అమెరికా సెనేట్ కమిటీ ముందు పాటల సెన్సారుకు వ్యతిరేకంగా దీటుగా మాట్లాడాడు కూడా. ఆ ఏడాదే కొత్త ఆల్బమ్ నుంచి ముందుకు తెచ్చిన పాట 1960ల నాటి అమ్మాయిల బృందం షాంగ్రిలాస్‌ది. రెండేళ్లలో దుకాణం మూసేశారు. వారెంట్ బృందం సంగతి ఇంకా స్పష్టం. 1990లో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' పేరుతో రెండో ఆల్బమ్ సిద్ధం చేసుకుంటే, కొలంబియా కంపెనీ పెద్దలు ఒక ఊపున్న పాట కావాలన్నారు. గాయకుడు జానీ లేన్ అప్పటికప్పుడు 'చెర్రీ పై' రాసిచ్చాడు. ఆల్బమ్ పేరే మారిపోయింది. ఆ పాట రాయకుండా ఉండాల్సిందని లేన్ ఏళ్ల తర్వాత కెమెరా ముందు వాపోయాడు, పిమ్మట ఆ మాటను కొంత సవరించుకున్నాడు. ఇక్కడ పాట అతని సొంతమే, ఎంపిక మాత్రం కాదు. అందుకే పాట అరువుదా సొంతదా అన్నదానికంటే ఎవరు ఎంచారన్నది ముఖ్యం అంటున్నాను.

మరి 1991 సంగతి? నిర్వాణా ప్రభావం లేదని నేను అనను. కానీ శ్రోతలు ఒక్కసారిగా మనసు మార్చుకున్నారన్న మాటకు సాక్ష్యం బలహీనం. ఆ ఏడాది మే నెలలో బిల్‌బోర్డ్ దుకాణదారుల నోటిమాటను పక్కనపెట్టి సౌండ్‌స్కాన్ ద్వారా అసలు అమ్మకాలను లెక్కించడం మొదలుపెట్టింది. జూన్‌లో ఈ గ్లామ్ కోవకే చెందిన స్కిడ్ రో కొత్త ఆల్బమ్ నేరుగా ఒకటో స్థానంలో దిగింది. 'నెవర్‌మైండ్' ఆ స్థానానికి చేరింది 1992 జనవరిలో. అదే ఏడాది వసంతంలో డెఫ్ లెపర్డ్ 'అడ్రినలైజ్' అయిదు వారాల పాటు ఒకటో స్థానంలో ఉంది. కొనేవాడు పారిపోయినప్పటి లెక్కలు ఇలా ఉండవు. మారింది కంపెనీల మనసు. ఒకే అచ్చులో పోసిన బృందాలను డజన్ల లెక్కన దింపి, వాటికి పెట్టిన ఖర్చు తిరిగిరాక తలపట్టుకున్నవాళ్లకు సియాటిల్ బృందాలు చవకైన ప్రత్యామ్నాయంగా కనిపించాయి. పాత అచ్చును పారేసి, కొత్తదాన్నీ అంతే ఆత్రంగా పోయడం మొదలుపెట్టారు. దాన్ని విప్లవంగా చూపించడం అందరికీ అనుకూలం. కంపెనీ తన దురాశను దాచుకోవచ్చు, గ్లామ్‌ను ఎన్నడూ మెచ్చని విమర్శకుడు న్యాయం జరిగిందని రాసుకోవచ్చు.

కొనేవాడు పారిపోలేదనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 2022లో మాట్లీ క్రూ, డెఫ్ లెపర్డ్, పాయిజన్, జోన్ జెట్ కలిసి అమెరికా స్టేడియాల్లో చేసిన పర్యటన 17 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఈ జాబితాలో నా వాదనకు అడ్డొచ్చేలా కనిపించే పేరు జోన్ జెట్. ఆమె అతిపెద్ద పాట 'ఐ లవ్ రాకెన్ రోల్' కూడా ఇతరులదే, ఆరోస్ అనే బృందానిది. అయితే దాన్ని ఇంగ్లండ్‌లో టీవీలో చూసి ముచ్చటపడింది ఆమె. పాడాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిందీ ఆమే. కంపెనీలు వరసగా కాదంటే నిర్మాత కెన్నీ లాగూనాతో కలిసి బ్లాక్‌హార్ట్ పేరుతో సొంత సంస్థ పెట్టుకుంది. ఇటు డుబ్రో మళ్లీ క్వయట్ రయట్‌ను కూడగట్టి క్లబ్బుల్లో, చిన్న ఉత్సవాల్లో పాడుతూ, 2007 నవంబరులో 52 ఏళ్ల వయసులో లాస్ వేగాస్‌లో కొకైన్ మోతాదు మించి చనిపోయాడు. 2010లో బృందాన్ని తిరిగి నిలబెట్టిన బనాలీ 2020లో క్యాన్సర్‌తో పోయాడు. మరుసటేడు సార్జో మళ్లీ వచ్చి చేరాడు. బృందం ఇప్పటికీ ఊరూరా తిరుగుతోంది. పోస్టర్ మీద పేరు చదివి టికెట్ కొనేవాడు అడిగేది మాత్రం 1983లో డుబ్రో పాడనన్న పాటే.