హెచ్‌ఆర్ అంటే ఇంటర్వ్యూ చేసే సీటు ఒక్కటే కాదు



డిగ్రీ అయ్యాక ఏం చేద్దాం అని గ్రూపులో ఎవరడిగినా వచ్చే జవాబులు ఇవే: డీఎస్సీ, కానిస్టేబుల్, సచివాలయం, నర్సింగ్. తప్పేం లేదు. కానీ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు కూర్చునే మనం, పక్కనే ఉన్న హెచ్‌ఆర్ దారిని చూడట్లేదని నా అభిప్రాయం.

"అది ఇంగ్లీషు దంచేవాళ్ల ఉద్యోగం, మనకెందుకు తమ్ముడూ" అంటారు. సగమే నిజం. హెచ్‌ఆర్ ఒక్క ఉద్యోగం కాదు. మనుషుల్ని తీసుకోవడం ఒక పని, ట్రైనింగ్ ఇంకోటి, జీతాల లెక్క ఇంకోటి, పీఎఫ్-ఈఎస్‌ఐ కట్టించడం, కార్మికులతో మాట్లాడి గొడవలు తీర్చడం వేరే పనులు. మొదటి రెండింటికి ఇంగ్లీషు ఎక్కువ కావాలి. మిగతావాటికి చట్టం తెలియాలి, లెక్క రావాలి, కూలీతో కూలీ భాషలో మాట్లాడగలగాలి. ఆ చివరిది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను చదువుకునే తణుకునే చూడండి. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ గారు ఆంధ్రా షుగర్స్ పెట్టిన ఊరు ఇది. చుట్టూ డెల్టాలో రైసు మిల్లులు, రొయ్యల ప్లాంట్లు. బుట్టాయగూడెం, పోలవరం వైపు నుంచి మనవాళ్లు ఇలాంటి చోట్లకి కాంట్రాక్టరు కింద పనికొస్తారు. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో పీఎఫ్ ఉండాలని, కార్మికుడి వాటా 12 శాతమైతే యాజమాన్యం కూడా అంతే కట్టాలని, కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే బాధ్యుడని వాళ్లలో ఎంతమందికి తెలుసు? యూఏఎన్ నంబరు అంటే మా ఇంట్లోనే తెలీదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది పనిచేసే చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. 2020 కొత్త కోడ్ దాన్ని 250కి దించింది. అంటే ఈ కుర్చీలు పెరగాలి. వాటిలో మనవాళ్లు ఎందుకు కూర్చోకూడదు?

"హెచ్‌ఆర్ ఎప్పుడూ యాజమాన్యం మనిషే కదా" అనే విమర్శ కూడా ఉంది. నిజమే, జీతం ఇచ్చేది యాజమాన్యమే. ఆ కుర్చీలో కూర్చున్నంత మాత్రాన న్యాయం జరిగిపోదు. కానీ యాక్సిడెంట్ రిపోర్టు సరిగ్గా రాసేది, పేరు ఈఎస్‌ఐలో ఎక్కించేది ఎవరో ఒకరి చెయ్యే. ఆ చెయ్యి కూలి ఇంటినుంచి వచ్చినదైతే తేడా ఉంటుందని నేను నమ్ముతున్నా.

కంపెనీ వద్దనుకుంటే అదే చదువుతో ప్రభుత్వం వైపు వెళ్లొచ్చు. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. యూపీఎస్సీ పెట్టే ఈపీఎఫ్ఓ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు, సిలబస్‌లో కార్మిక చట్టాలు ఉంటాయి.

చదువుకి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్‌ఆర్‌ఎం ఉంది, ఐసెట్ రాస్తే ఎంబీఏ ఉంది, పెద్దగా ఆలోచిస్తే ముంబై టిస్ ఉంది. అక్కడ ఎస్టీలకి 7.5 శాతం సీట్లు. ఒక్క జాగ్రత్త: ఊరూ పేరూ లేని కాలేజీలో ఎంబీఏ హెచ్‌ఆర్ అని చేరితే, చివరికి టార్గెట్లు పెట్టి ఫోన్లు చేయించే ఉద్యోగమే దక్కొచ్చు. చేరేముందు ఆ కాలేజీలో కార్మిక చట్టాలు, పేరోల్ చెప్తారా లేదా అని అడగండి.

ఈ రంగంలో ఉన్న మన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి కింద రాయండి. మిగతావాళ్లం ఈ పండక్కి ఇంటికెళ్లినప్పుడు, పనికెళ్లే మనవాళ్ల పే స్లిప్ ఒకసారి అడిగి చూద్దాం. అసలు స్లిప్పే ఇవ్వట్లేదంటే, ఈ చదువు మనకెందుకో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

జై ఆదివాసీ.