అన్నప్రాసన అయ్యాక కూడా పాలేనా?

అన్నప్రాసన నాడే ఆవకాయ అని మనకో సామెత ఉంది. తొందరపడేవాళ్ళని వేళాకోళం చెయ్యడానికి పుట్టింది అది. అన్నప్రాసన అయిన ఏడెనిమిది నెలలకి కూడా పాలసీసా వదలనివాళ్ళని వేళాకోళం చెయ్యడానికి మాత్రం మనకి సామెత లేదు. అది తప్పని మనలో ఎవ్వరం అనుకోం గనక! ఆ తప్పు చేసినవాళ్ళలో నేనొకత్తిని. అంచేత ఆ లోటు తీర్చే పని నేనే నెత్తిన వేసుకుంటున్నాను. కోపం వచ్చినవాళ్ళు పేజీ తిప్పెయ్యొచ్చు. ఇంట్లో పాలు తాగే మనవడో మనవరాలో ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి తిప్పకండి.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు కదా, ఆ పుణ్యమా అని దానికి 26 వారాల సెలవు దొరికింది. 26 వారాలంటే లెక్కకి ఆరు నెలలు. మావాడి అన్నప్రాసనా, వాళ్ళమ్మ సెలవు అయిపోవడమూ ఒక్క వారంలోనే జరిగాయి. చాపమీద పుస్తకం, కలం, బంగారం, పువ్వులు, కత్తి పెడితే మావాడు పొట్టమీద దేక్కుంటూ వెళ్ళి కలం పట్టుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. వెండిగిన్నెలో పాయసం నాలిక్కి రాశాం. ఫోటోలు తీసుకున్నాం. ఆ మర్నాటినుంచి అన్నం సంగతి అందరం మర్చిపోయాం.

అమ్మాయి ఆఫీసుకి వెళ్ళడం మొదలెట్టాక ఒక నెల నేనూ, ఒక నెల మా వియ్యపురాలు వదినగారూ వంతులవారీగా పిల్లాణ్ణి చూసుకున్నాం. చారులో ఇంగువ వెయ్యాలా వద్దా అన్న దగ్గర్నుంచి పిల్లాడికి నలుగు ఏ పిండితో పెట్టాలన్నదాకా మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. కుదిరిన ఒకే ఒక్క విషయం పాలు. "ముద్ద మింగకపోతే మానె, పాలు పట్టండి వదినగారూ, కడుపు చల్లగా పడుకుంటాడు" అనేవారావిడ. "నేనూ అదే కదండీ అనేది" అనేదాన్ని నేను.

వాళ్ళమ్మ పాలు ఎనిమిదో నెలకి ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి అన్నం రావలసింది. రాలేదు. గేదెపాలు వచ్చి కూర్చున్నాయి. లేవగానే ఒక సీసా, పదింటికి ఒకటి, మధ్యాహ్నం నాలుగు మెతుకులు ఉమ్మేశాక ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునేముందు ఒకటి. ఏడాది నిండేసరికి లెక్క రోజుకి లీటరు దాటింది. "మావాడు లీటరు పాలు తాగుతాడండీ" అని పార్కులో బెంచీమీద కూర్చుని చెప్పుకునేదాన్ని. వినేవాళ్ళు "అబ్బో!" అనేవారు.

బొద్దుగా, తెల్లగా ఉండేవాడు. "రంగు తేలాడు చూశారా, మావైపు పోలిక" అన్నారు వదినగారు. నేను ఊరుకుంటానా? మావైపు పోలికే అన్నాను. ఆ రంగు ఏ వైపునుంచి వచ్చిందో తేల్చుకోవడంలో మేమిద్దరం మునిగి ఉంటే, వాడు వెనకాల గోడ సున్నం గోకి నోట్లో పెట్టుకుంటున్నాడు.

పదమూడో నెలలో టీకాకి తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ వాడి కింది కనురెప్ప లాగి చూసి, మాట్లాడకుండా రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. ఆ వయసులో పదిన్నరకి తగ్గితేనే రక్తహీనత కిందికి వస్తుందిట. మేం రంగనుకున్నది రంగు కాదు, ఒంట్లో రక్తం లేకపోవడం. సున్నం తినడం కూడా దాని తాలూకు లక్షణమే. "రోజుకి పాలెన్ని తాగుతాడు?" అని అడిగింది. అలవాటు చొప్పున నేను గర్వంగానే "లీటరండీ" అన్నాను. ఆవిడ కలం కిందపెట్టి నా మొహంలోకి చూసింది. "అబ్బో" అన్నవాళ్ళు చూసే చూపు కాదది.

అప్పుడు తెలిసింది నాకు, ఇద్దరు పిల్లల్ని పెంచి ఇన్నేళ్ళకి. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి దగ్గర్నుంచి ఇనుము మూట కట్టుకుని వస్తుంది. ఆ మూట సుమారు ఆరు నెలలకి ఖాళీ అవుతుంది. తల్లిపాలలో ఇనుము కొంచెమే అయినా ఉన్నది చక్కగా వంటపడుతుంది. గేదెపాలు, ఆవుపాలలో ఇనుమూ తక్కువే, ఉన్నదీ సరిగా వంటపట్టదు. పైగా ఆ పాలలోని కాల్షియం పక్కనున్న అన్నంలోని ఇనుముకి కూడా అడ్డుపడుతుంది. ఏడాది లోపు పిల్లలకి ఈ పాలు దండిగా పడితే కొందరికి పేగుల్లోంచి కంటికి కనపడనంత రక్తం పోతుంది కూడా. అంటే రాబడి లేదు, ఖర్చు ఉంది. ఏ సంసారం నిలబడుతుంది చెప్పండి?

ఇక పొట్ట సంగతి. ఈ వయసు పిల్లల పొట్టలో ఒక్కసారికి పట్టేది, ఒంటి బరువు కిలోకి ముప్ఫై గ్రాముల చొప్పున. తొమ్మిది కిలోల పిల్లాడికి 270 గ్రాములు. మా సీసా 240 మిల్లీలీటర్లది. సీసా తాగిన గంటకి పప్పన్నం గిన్నె పట్టుకుని వెంటబడి, "వీడసలు తిండి తినడండీ" అని ఊరంతా చాటేవాళ్ళం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుసు గాని, ఒక పొట్టలో రెండు భోజనాలు ఇమడవని తట్టలేదు. ఆ ఈడు పిల్లాడికి రోజు మొత్తానికి కావలసింది సుమారు 900 కేలరీలు. చిక్కటి గేదెపాలు లీటరు తాగితే ఆ లెక్క పాలతోనే చెల్లిపోతుంది. ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? తినలేదని పాలు పట్టాం, పాలు పట్టాం గనక తినలేదు. ఈ గానుగెద్దు చుట్టూ తిరుగుడుకి మేం పెట్టుకున్న పేరు ప్రేమ.

"అయితే పాలు మాన్పించెయ్యమంటావా?" అని మీరు అడుగుతారు. ఇదిగో, ఇక్కడే రెండో జట్టువాళ్ళతో కూడా నాకు తగూ ఉంది. అన్నప్రాసన అయిందో లేదో, "ఇంకా తల్లిపాలేమిటి" అని వేపాకు నూరి రాయమనే పెద్దలు కొందరున్నారు. ఇది మా తప్పుకి తోబుట్టువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని, ఆ తరవాత అన్నంతోపాటు తల్లిపాలు రెండేళ్ళూ ఆపైన కూడా ఇవ్వొచ్చని. మానడం కాదు, తగ్గడం. అదీ మెట్టు తరవాత మెట్టు. పాతకాలపు మనిషిని గనక నేనా లెక్కని అణాల్లోకి మార్చుకున్నాను. తల్లిపాలు తాగే బిడ్డకి కావలసిన శక్తి మొత్తం ఒక రూపాయి అనుకోండి. ఆరునుంచి ఎనిమిది నెలల మధ్య అందులో అయిదణాలు అన్నం ఇవ్వాలి, పదకొండణాలు పాలు ఇస్తాయి. తొమ్మిదినుంచి పదకొండు నెలల్లో అన్నం వాటా ఏడణాలు. ఏడాది దాటాక పదణాలు అన్నానివి, ఆరణాలే పాలవి. చూశారా, పెత్తనం అత్తగారి చేతిలోంచి కోడలి చేతికి ఎంత పద్ధతిగా మారుతోందో! అత్తగారు ఇంట్లోనే ఉంటుంది. తాళాలు మాత్రం చేతులు మారతాయి. మా ఇంట్లో అత్తగారు తాళాలు ఇవ్వనే లేదు. వేపాకు ఇంట్లో ఆవిణ్ణి ఏకంగా వీధిలోకి గెంటారు.

ఆ పదణాల అన్నం కూడా అన్నమై ఉండాలి. మనం పసివాళ్ళకి పెట్టేదేమిటి? అన్నంమీద తేట, పప్పుమీద కట్టు, చారునీళ్ళు. గిన్నెలో నాలుగు మెతుకులు ఈత కొడుతూ ఉంటాయి. "పెట్టాం" అంటాం. పెట్టింది నీళ్ళు! చెంచాలోకి తీసి పక్కకి వంచితే జారిపోకుండా నిలవాలి, అదీ ముద్ద. పప్పు గట్టిగా, తోటకూర మెత్తగా, ఇంత నెయ్యి, ఇనుము వంటపట్టడానికి రెండు చుక్కల నిమ్మరసం. మా ఇంట గుడ్డు దిగదు. దిగే ఇళ్ళవాళ్ళకి గుడ్డుకీ, మెత్తగా ఉడికించిన మాంసానికీ ఆరు నెలలు నిండాక అడ్డేమీ లేదు. ఏడాది లోపు ఉప్పూ పంచదారా అక్కర్లేదు, తేనె అసలే కూడదు. రాగిజావ మంచిదే, చెంచాలో నిలిచేటట్టు కాస్తే.

పాలపొడులకీ, సీసాలకీ, రెండేళ్ళలోపు పిల్లల డబ్బా ఆహారాలకీ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో చట్టం ఉంది. 1992లో వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. మంచిదే. కాని పార్కు బెంచీమీద కూర్చుని "మావాడు లీటరు తాగుతాడు" అని దండోరా వేసే అమ్మమ్మ నోటికి ఏ చట్టం అడ్డు? నా అంత ప్రకటన ఏ కంపెనీవాడు ఇవ్వగలడు? పైసా పుచ్చుకోకుండా ఎంతమంది పిల్లల పొట్టల్లో సీసాలు దింపించానో!

ఇదంతా ఒక ఇంటి గొడవ అనుకోకండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలనుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆరునుంచి 23 నెలల పిల్లల్లో తగినంత, తగినరకం తిండి అందుతున్నవాళ్ళు నూటికి 11 మంది. పేదిళ్ళలో లేక పెట్టలేకపోతున్నారు. వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. మా ఇంట్లో ఏం తక్కువైంది? పప్పు డబ్బాలో ఉంది, ఆకుకూర గుమ్మంలోకి వస్తుంది, నెయ్యి అలమారులో ఉంది. ఉన్నవన్నీ ఉండగా బిడ్డని పస్తు పెట్టాం, పాలతో.

ఇంకొక్క మాట. ఈ సంగతి తెలిసినప్పుడు చుట్టాలందరూ అన్నది "ఉద్యోగం చేసే తల్లి మరి!" అని. అల్లుడూ ఉద్యోగం చేస్తున్నాడు, ఆ మాట ఎవ్వరికీ గుర్తు రాలేదు. సీసా పట్టింది నేనూ, వదినగారూ. కలిపి ముద్ద పెట్టడానికి అరగంట పడుతుంది, సీసా అయిదు నిమిషాల పని. ఓపిక లేనిది మాకు, మాట పడింది అమ్మాయి. ఆ రోజు చుట్టాలముందు అది తలొంచుకుని కూర్చుంటే నేను నోరు విప్పలేదు. ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది అందుకే.

డాక్టరమ్మ చెప్పినట్టు ఇనుము చుక్కలు మొదలెట్టాం, పాలు మూడువారాల్లో అరలీటరు లోపుకి దింపాం. ముందు రాత్రి సీసా తీసేశాం. తరవాత అన్నానికి ముందరి సీసా. మిగిలిన పాలు భోజనమయ్యాక గ్లాసుతో. మొదటి నాలుగు రోజులూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. రెండో రాత్రి వదినగారు చీకట్లో సీసా కలుపుతూ నాకు దొరికిపోయారు. నేను కేకలెయ్యలేదు. ముందురాత్రి అదే పని నేనూ చేశాను గనక. అయిదో రోజు మధ్యాహ్నం నా కంచంలోకి చెయ్యి పెట్టి తోటకూర పప్పన్నం వాడే తీసుకుని తిన్నాడు. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 10.9 అయింది. గోడ జోలికి పోవడం మానేశాడు. కాస్త సన్నబడ్డాడు, రంగు తగ్గాడు. ఈసారి ఎవరి పోలిక అని మేం వాదించుకోలేదు.

మొన్న వదినగారు ఊరినుంచి ఫోను చేసి, "ఇవాళ ఎన్ని ముద్దలు తిన్నాడు వదినగారూ?" అని అడిగారు. సీసాలు లెక్కపెట్టే జబ్బు ముద్దలు లెక్కపెట్టే జబ్బులోకి దిగుతోందని భయం వేసింది నాకు. నోరు మూసుకున్నవాడి నోట్లో కుక్కడం కూడా సీసా అంత అన్యాయమే. "లెక్కపెట్టలేదండీ. ఆకలేసింది, తిన్నాడు, చాలని తల తిప్పాడు" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చారులో ఇంగువ వేశారా?" అన్నారు.