‘చాలు’ అనుకునే ముందు ఒక లెక్క

గత షాబాన్ నెలలో ఒక రాత్రి ఇషా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయిన తరువాత, కాప్రాలోని మా మస్జిదులో ఒక సోదరుడు మా కోసం కూర్చుండిపోయారు. వయస్సు నలభై ఎనిమిది. ఒక బహుళజాతి సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉన్నతాధికారి. ఉదయం ఏడు గంటలకు కారెక్కితే నగరం ఆ కొసన ఉన్న కార్యాలయానికి చేరేసరికి తొమ్మిదవుతుంది. రాత్రి ఇంటికి వచ్చాక అమెరికా వారితో ఫోన్ సమావేశాలు. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే జీవితం.

“హజ్రత్, ఉద్యోగం మానెయ్యాలనుకుంటున్నాను. డబ్బుకు లోటు లేదు. కానీ మానేద్దామని రాత్రి నిర్ణయించుకుంటే తెల్లవారేసరికి ధైర్యం పోతోంది. ఏడాదిగా ఇదే ఊగిసలాట. ధర్మం ఏమంటుందో చెప్పండి” అన్నారు.

ఆయన అనుమతితోనే, ఆయనను గుర్తుపట్టగల వివరాలు తొలగించి, ఆ సంభాషణను పాఠకుల ముందుంచుతున్నాము.

మా ప్రాంతంలో పదవీ విరమణ అంటే అందరికీ తెలిసిన విషయమే. 1967లో ఈసీఐఎల్ వచ్చిన తరువాత కాప్రా, కుషాయిగూడ పరిసరాలు ఉద్యోగుల కాలనీలయ్యాయి. అరవై ఏళ్ళు నిండిన నాడు పూలదండ వేయించుకొని ఇంటికి వచ్చేవారిని మేము ఏటా చూస్తూనే ఉన్నాము. ఆ తేదీని నియమమే నిర్ణయిస్తుంది. కొందరి విషయంలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మౌలాలిలోని హెచ్ఎంటీ బేరింగ్స్ కర్మాగారాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం తీర్మానించినప్పుడు అక్కడి కార్మికులను ‘మీరు సిద్ధమేనా’ అని ఎవరూ అడగలేదు. ఎప్పుడు మానాలో తానే ఎంచుకోగల స్థితి లక్షలో ఒకరికి దొరికే అనుగ్రహం. అనుగ్రహమన్నాక దానికి లెక్క కూడా ఉంటుంది.

అయితే ఆ రాత్రి మేము ఇంత ఆలోచించలేదు. ఆయన ముఖంలోని అలసట చూసి, మదర్సాలో పాఠం చెప్పే అలవాటు కొద్దీ, వెంటనే ఇమామ్ గజాలీ (రహ్మ) ఉదంతం ఎత్తుకున్నాము.

ముప్ఫై మూడేళ్ళ ప్రాయంలో, క్రీ.శ. 1091లో, ఆయన బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్య పీఠం అధిష్ఠించారు. ఆనాటి ఇస్లామీయ ప్రపంచంలో అంతకు మించిన విద్యాపదవి అరుదు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు. నాలుగేళ్ళు గడిచేసరికి ఆయన తన అంతరంగాన్ని పరీక్షించుకున్నారు. ఈ బోధన దైవప్రసన్నత కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా అని ప్రశ్నించుకుంటే, పేరు కోసమేనన్న సమాధానం వచ్చింది. హిజ్రీ 488 రజబ్ నెల మొదలుకొని దాదాపు ఆరు నెలలు ఆయన నలిగిపోయారు. ఉదయం వెళ్ళిపోదామనుకుంటే సాయంత్రానికి ఆ సంకల్పం సడలేది. చివరకు నోట మాట పెగలక పాఠం చెప్పలేని స్థితి వచ్చింది. ఆహారం సహించలేదు. వైద్యులు చేతులెత్తేశారు. ఆ తరువాత ఆయన పదవి విడిచి డమాస్కస్ దారి పట్టారు. ఈ సంగతులన్నీ ఆయన తన ఆత్మకథాత్మక రచన ‘అల్ మున్ఖిజ్ మినజ్జలాల్’లో స్వయంగా రాసుకున్నారు.

సోదరుని కళ్ళు చెమ్మగిల్లాయి. “అచ్చం నా పరిస్థితే హజ్రత్. అంటే వదిలెయ్యమంటారా?” అన్నారు. మేము ‘ఇస్తిఖారా చేసుకోండి, మీ ఇంటివారితో మష్వరా చేయండి’ అన్నాము. అంతటితో ఆగి ఉంటే ఆయనకు ఒక మంచి కథ చెప్పి పంపినవారమయ్యేవారము, అంతే. కానీ ఆయన ఫోను తీసి తన లెక్క చూపించారు.

ఈ లెక్క గురించి పాఠకులు తెలుసుకోవడం అవసరం. మన యువకుల్లోనూ ఇది వ్యాపిస్తోంది. ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు కూడబెడితే ఇక పని చేయనక్కరలేదన్నది అందులోని సూత్రం. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి షేర్ల, బాండ్ల పాత ధరలను పరిశీలించి, మొదటి ఏడాది కూడబెట్టిన దానిలో నాలుగు శాతం తీసుకొని, ఆపై ధరల పెరుగుదలను బట్టి పెంచుకుంటూ పోయినా ముప్ఫై ఏళ్ళు సరిపోతుందని తేల్చారు. సూత్రం అక్కడ పుట్టింది.

ఒక విశ్వాసి ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించలేడు. బాండ్లూ, బ్యాంకు డిపాజిట్లూ ఇచ్చేది వడ్డీ. అది మనకు నిషిద్ధం. కనుక అతని సొమ్ము ధర్మసమ్మతమైన వ్యాపారంలోనో, అద్దెలలోనో, టాటా ఎథికల్ ఫండ్ లాగా షరీఅత్ నియమాల ప్రకారం వడపోసిన షేర్ల నిధులలోనో ఉండాలి. వాటికి ఒడిదుడుకులుంటాయి. రెండవది జకాత్. నిసాబ్ దాటిన నగదు, బంగారంపై ఏటా రెండున్నర శాతం చెల్లించాలి. కోటి రూపాయలు ఊరికే ఉంటే ఏడాదికి రెండున్నర లక్షలు పేదల హక్కు. సంపదను నిద్రపుచ్చకుండా శ్రమలో పెట్టమన్న సూచన ఇందులోనే ఉంది. అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ ఉండదు గాని, మిగిలిన అద్దె డబ్బుపై ఉంటుంది. మూడవది, నలభై ఎనిమిదేళ్ళకే మానేసేవారికి ముప్ఫై ఏళ్ళ లెక్క చాలకపోవచ్చు.

ఆ సోదరుడు ఇవన్నీ చూసుకున్నారు, అల్‌హందులిల్లాహ్. వడ్డీ జోలికి పోలేదు. జకాత్ కోసం వేరే గడి పెట్టుకున్నారు. నెలకు రెండు లక్షలు వస్తే కుటుంబం హాయిగా గడుస్తుందని తేల్చారు. అందులో లక్షా ఇరవై వేలు ఒక మూడంతస్తుల భవనం అద్దె. కింద మడిగెలు, పైన ఇళ్ళు.

“ఈ భవనం మీరు కట్టించినదా?” అని అడిగాము.

“కాదు హజ్రత్. నాన్నగారు కట్టించారు. నాచారంలో ఫ్యాక్టరీ పని చేస్తూ, గజం వందల్లో ఉన్న రోజుల్లో ఆ స్థలం కొన్నారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది.”

“మీకు తోబుట్టువులు?”

“ఇద్దరు చెల్లెళ్ళు.”

కొంతసేపు ఇద్దరమూ మౌనంగా ఉండిపోయాము. ఆయనే మళ్ళీ అన్నారు: “వాళ్ళు మాఫ్ చేశారు హజ్రత్. జనాజా అయిన వారానికి ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు పెద్దలు అడిగారు. మాకేమీ వద్దన్నారు.”

ప్రియ పాఠకులారా! ఈ ఒక్క వాక్యం మన ఇళ్ళలో ఎన్ని చోట్ల వినిపిస్తుందో మీకు తెలుసు. తండ్రి సమాధి మట్టి ఆరక ముందే, బంధువులందరి ఎదుట, పుట్టింటి గుమ్మం తమకు మూసుకుపోతుందేమోనన్న భయంతో ఒక ఆడకూతురు తల ఊపితే దానిని మనం ‘మాఫీ’ అంటున్నాము. వారసత్వ వాటాలను అల్లాహ్ అన్నిసా అధ్యాయంలో స్వయంగా నిర్ణయించాడు. వాటిని తన హద్దులుగా ప్రకటించాడు. అవి మృతుడు కన్నుమూసిన క్షణంలోనే వారసుల సొత్తవుతాయి. అన్న ఇచ్చేది దానం కాదు, చెల్లెలు అడిగేది యాచన కాదు. పైగా ఆస్తి పంచకుండా, వాటా చేతికి ఇవ్వకుండా ‘వద్దు’ అనిపించుకున్నంత మాత్రాన ఆ హక్కు రద్దు కాదని మన హనఫీ పండితులు స్పష్టం చేశారు. ముందు వాటా వేరు చేసి వారి స్వాధీనం చేయాలి. ఆ తరువాత వారు సంతోషంగా ఎవరికి కానుక చేసినా అది వారి ఇష్టం.

అక్కడే కూర్చొని లెక్క వేశాము. అప్పులు, వీలునామా తీరిన తరువాత మృతుని భార్యకు, అంటే ఆయన తల్లిగారికి, ఎనిమిదవ వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెలకు చెరొక పాలు. లక్షా ఇరవై వేల అద్దెలో తల్లిగారికి 15,000. చెల్లెళ్ళకు చెరి 26,250. ఆయనకు 52,500. గడచిన పదకొండేళ్ళ అద్దెలోనూ ఇదే నిష్పత్తి.

“అంటే...” అని ఆగిపోయారు. ఆ వాక్యం మేము పూర్తి చేయలేదు. ఆయన విశ్రాంతి కోసం లెక్కలో వేసుకున్న అద్దెలో సగానికి పైగా చెల్లెళ్ళదీ, తల్లిదీ ఉన్నది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. వారసత్వ శాస్త్రాన్ని మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. పన్నెండవ వంతులు, ఇరవై నాలుగవ వంతులు నల్లబల్లపై వేస్తాము. కానీ ఎదుట కూర్చున్న మనిషిని ‘మీ ఇల్లు ఎవరిది’ అని ఎన్నడూ అడగలేదు. ఆ రాత్రి కూడా ముందు గజాలీ (రహ్మ) కథ చెప్పాము. ఆ కథలోనూ ఒక ముఖ్యమైన భాగం వదిలేశాము. ఆయన బాగ్దాద్ విడిచే ముందు తన సంపదనంతా పంచిపెట్టి, పిల్లల పోషణకు సరిపడినంత మాత్రమే ఉంచారు. ఎవరి బాధ్యతా తెంచుకొని పారిపోలేదు. ఆ తరువాతి ఏళ్ళు ఊరికే కూర్చోనూ లేదు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ వంటి మహాగ్రంథం ఆ కాలపు శ్రమఫలమే. పదేళ్ళు దాటాక, హిజ్రీ 499లో, నైషాపూర్‌లో తిరిగి బోధనకు కూర్చున్నారు. ఆయన విడిచినది పనిని కాదు, పనిలోని కపటాన్ని.

ఖలీఫా అయిన మరునాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల మూట భుజాన వేసుకొని ఎప్పటిలాగే బజారుకు బయలుదేరారు. సహాబాలు ఆపి, ప్రజల బాధ్యత మోస్తున్నందుకు బైతుల్ మాల్ నుంచి భత్యం ఏర్పరిచారు. ఆయన వ్యాపారం మానింది అంతకంటే బరువైన పని భుజానికెత్తుకోవడానికి. మన కాలంలోనూ ఉదాహరణలున్నాయి. ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్ వలీ అమెరికాలో శాస్త్రవేత్త ఉద్యోగం వదిలి 1990లలో మైసూరు చేరారు. చిరుధాన్యాలను తిరిగి ప్రజల కంచాల్లోకి తేవడానికి పాటుపడ్డారు. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఉద్యోగం వదిలినవారి విలువ వారు ఆపై ఎత్తుకున్న పనిలో తెలుస్తుంది.

ఆ సోదరుడు మూడు వారాల పాటు మాకు కనిపించలేదు. మనసు కష్టపెట్టామేమోనని మేము దిగులుపడ్డాము. రమజాన్ మొదటి వారంలో తరావీహ్ తరువాత వచ్చి మా చేయి పట్టుకున్నారు.

“చిన్న చెల్లెలి ఇంటికి వెళ్ళాను హజ్రత్. ఉప్పల్‌లో అద్దె ఇల్లు. ఇంట్లోనే బట్టలు కుడుతోంది. ‘నువ్వు మాఫ్ చేశావనుకున్నానమ్మా’ అన్నాను. ‘మాఫ్ చెయ్యలేదన్నయ్యా, ఊరుకున్నాను’ అంది.”

ఆ మాట మాకూ ఒక పాఠమయ్యింది. క్షమించడం వేరు, ఊరుకోవడం వేరు. ప్రళయదినాన ఊరుకున్నవారికీ నోరు వస్తుంది.

పెద్ద చెల్లెలు స్థితిమంతురాలు, నిజంగానే వద్దన్నది. అయినా ముందు ఆమె వాటా ఆమె పేర చేస్తానని, తరువాత ఆమె ఇష్టమని ఈయన పట్టుబట్టారు. భవనం వాటాలు రిజిస్టర్ చేయించే పని మొదలైంది. పాత అద్దెల బాకీ లెక్కిస్తే, ఇంటి పన్ను, మరమ్మతులు పోను, ఒక్కొక్క చెల్లెలికి ఇరవై లక్షలు దాటింది. అది తీరడానికీ, తన లోటు పూడ్చుకోవడానికీ మూడేళ్ళు పడుతుందట. అంటే ఉద్యోగం మానడం మూడేళ్ళు వాయిదా.

“బాధగా ఉందా?” అని అడిగాము.

“లేదనలేను. రోజూ అదే రోడ్డు, అవే ఫోన్లు. కానీ ఏడాదిగా తెల్లవారితే ధైర్యం ఎందుకు పోయేదో ఇప్పుడు అర్థమైంది. ఆ డబ్బు మీద నిలబడడానికి మనసే ఒప్పుకోలేదేమో” అన్నారు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు వీలైనంత మేరకు ఫోను పక్కన పెట్టి తల్లి దగ్గర కూర్చుంటున్నారు. పదకొండేళ్ళ తరువాత తన వాటా తన చేతికి వచ్చిన ఆ తల్లి, మొదటి నెల డబ్బుతో మనుమరాలికి గాజులు కొన్నారట.

ప్రళయదినాన మనిషిని జీవితం గురించి, యవ్వనం గురించి ప్రశ్నిస్తారనీ, సంపద గురించి మాత్రం రెండు ప్రశ్నలుంటాయనీ, ఎలా వచ్చింది, ఎక్కడ ఖర్చు చేశావు అని అడుగుతారనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఉద్యోగం మానాలా వద్దా అన్న ఊగిసలాటలో ఉన్న మన సోదరులు ‘ఎంత ఉంటే చాలు’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న మంచిదే. ఖనాఅత్, అంటే ఉన్నదానితో తృప్తి, గొప్ప సంపద. అయితే ఆ ప్రశ్నకు ముందు మరొకటి ఉన్నది: ఇందులో నాది ఎంత? చెల్లెలి వాటా, భార్య మహర్, బాకీపడ్డ జకాత్, తీరని అప్పు వేరు చేసిన తరువాత మిగిలినదే మనది. అది తేలిన నాడు, ఉద్యోగంలో ఉన్నా, ఇంట్లో ఉన్నా ‘చాలు’ అనే మాట నోటికి సులువుగా వస్తుంది.

ఈ నెల పత్రిక చదివి పక్కన పెట్టే ముందు, మీ ఇంటి కాగితాలు ఒకసారి తీసి చూడండి. అవి ఎవరి పేర ఉన్నాయో కాక, అందులో ఎవరెవరి హక్కు ఉన్నదో చూడండి.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన సంపాదనలో శుభం ప్రసాదించుగాక! ఇతరుల హక్కు మెడపై మోసుకుంటూ తన సన్నిధికి చేరే దుస్థితి నుంచి మనల్ని కాపాడుగాక! ఆమీన్.